అరకు ఘాటీ – నా రాజదూత్

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘ఉద్యోగ జీవితంలో మరపురానిది’ అనే శీర్షిక కింద ఏదైనా పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ చక్కగా చెప్పారు. ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నేనూ ఏదో ఫైలు కథ చెబుతానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఫైలు కూడా వస్తుంది గాని, నేను చెప్పదలచినది ఒక మోటారు సైకిలు గురించి. తప్పులు చెబితే సరిదిద్దడానికి మూడో వరుసలో మా ఆవిడ ఉంది. ఆ బండి మీద వెనక కూర్చున్నవాళ్ళలో ఆవిడే సీనియరు.

ఈ సంగతి మనసులో మెదలడానికి కారణం మా మనవడు. హైదరాబాదులో ఉద్యోగం. మొన్న సంక్రాంతికి నలుగురు స్నేహితులతో మోటారు సైకిళ్ళ మీద అరకు వచ్చాడు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక లేదనుకున్న జావా పేరు 2018లో మళ్ళీ వచ్చిందిట, 2022లో యెజ్డీ కూడా వచ్చిందిట. ‘తాతయ్యా, ఆ పాత బళ్ళంటే జనానికి ఎందుకంత మోజు? వాటిలో ఏముంది?’ అని అడిగాడు. వాడికి సీసీలు తెలుసు, హార్సు పవర్లు తెలుసు. నాకు అవేమీ తెలియవు. ఏ బండి ఘాటీలో మనిషిని ఎలా ఏడిపించేదో, ఎలా ఇల్లు చేర్చేదో మాత్రం తెలుసు. వాడికి చెప్పినదే మీకూ చెబుతాను.

నేను 1974లో ఉద్యోగంలో చేరాను. నాలుగేళ్ళు కింద పనిచేసి, 1978లో బదిలీ మీద అరకు వెళ్ళాను. ఏజెన్సీ బదిలీ అంటే ఆ రోజుల్లో ఇంట్లో చావు కబురు విన్నట్టు ఉండేది. మలేరియా వస్తుందని మా అమ్మ వారం రోజులు ఏడ్చింది. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దాటితే ఘాటీ మొదలు. టైడా, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా అరకు. సముద్ర మట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు. బస్సు ఉండేది, కాని సమయానికి వస్తే ఆశ్చర్యపోయేవాళ్ళం. ఇక ఆఫీసు పనిమీద లోపలి ఊళ్ళకు వెళ్ళాలంటే నడక, లేదా ఎవరిదైనా బండి.

ఆ కొండల్లో అప్పుడు మూడు రకాల బళ్ళే కనిపించేవి. మొదటిది బుల్లెట్టు. అది అధికారుల బండి, పోలీసుల బండి, కాస్త కలిగిన కాంట్రాక్టర్ల బండి. ఇంగ్లండులో పుట్టినా, 1955లో మద్రాసులో కంపెనీ పెట్టి ఇక్కడే తయారుచేశారు. పుట్టినచోట మూతపడింది గాని మన దగ్గర నేటికీ నడుస్తోంది. దాన్ని స్టార్టు చేయడం ఒక పూజా విధానం. హెడ్‌లైటు దగ్గర చిన్న అద్దంలో ఒక ముల్లు ఉంటుంది. ఎడమ చేత్తో చిన్న మీట నొక్కిపట్టి, ఆ ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చేదాకా కిక్కు రాడ్డును మెల్లగా దించి, అప్పుడు తన్నాలి. తొందరపడితే అది తిరిగి మనల్ని తన్నుతుంది. మా అధికారి ఒకాయన నెల రోజులు కుంటుతూ ఆఫీసుకు వచ్చారు, కారణం ఎవరికీ చెప్పలేదు. పైగా దానికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. వేరే బండి అలవాటైనవాడు దానిమీద ఘాటీ దిగితే, బ్రేకు అనుకుని గేరు తొక్కి దైవాన్ని తలచుకోవలసిందే. కాని ఒక సుగుణం ఉంది. దిగేటప్పుడు రెండో గేరులో వదిలితే ఇంజనే బండిని పట్టుకుంటుంది. దుక్కిటెద్దులాగ నెమ్మదిగా, నమ్మకంగా దించుతుంది.

రెండోది జావా, తరవాత యెజ్డీ. చెకోస్లోవేకియా నుంచి తెచ్చి 1961 నుంచి మైసూరులో చేశారు. 1973 నుంచి యెజ్డీ అన్నారు. రెండు పక్కలా రెండు సైలెన్సర్లు, మంచి శబ్దం. దానికి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. స్టార్టు చేసి, అదే రాడ్డును ముందుకు వంచితే గేరు. మొదటిసారి చూసినవాడికి కనికట్టులా ఉండేది. మందుల కంపెనీ ప్రతినిధులూ, పెళ్ళికాని ఇంజనీర్లూ దానిమీద తిరిగేవారు. నాకు దానిమీద మోజు ఉండేది. జీతం ఒప్పుకోలేదు.

మూడోది రాజదూత్. పోలెండువారి నమూనా తీసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ 1962 ప్రాంతంలో మొదలుపెట్టింది. నూట డెబ్భై అయిదు అని పేరు, నిజానికి నూట డెబ్భై మూడు సీసీలే. మూడే గేర్లు. అందం లేదు, వేగం లేదు. 1973లో ‘బాబీ’ సినిమా వచ్చాక అదే కంపెనీవారి చిన్న బండికి ఆ పేరే స్థిరపడి కుర్రకారు ఎగబడ్డారు గాని, మన పెద్ద రాజదూత్‌కు సినిమా భాగ్యం అంతగా పట్టలేదు. పాలవాళ్ళు, పశువుల డాక్టర్లు, గ్రామసేవకులు, మా బోటి గుమాస్తాలు – వీళ్ళ బండి అది. 1979లో జి.పి.ఎఫ్. అప్పు పెట్టి, కోటలో ఒక సెకండ్‌హ్యాండు రాజదూత్ కొన్నాను. నల్ల రంగు. ట్యాంకు మీద ఒక సొట్ట. ఆ సొట్ట ఎలా పడిందో అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోటలో ఒక మెకానిక్కు ఉండేవాడు. చదువు లేదు గాని ఇంజను మీద చెవి పెట్టి రోగం చెప్పేవాడు. ఘాటీ ఎక్కబోయే ముందు నాకు పావుగంట పాఠం చెప్పాడు. ‘బాబూ, దీని నూనె పెట్రోల్లోనే ఉంటది. దిగినప్పుడు ఏక్సిలేటరు మూసీసి జారిపోతే పెట్రోలు రాదు, నూనే రాదు. పిస్టను ఎండిపోయి పట్టీస్తది. మధ్య మధ్యన ఓపాలి తిప్పుతుండు. దానికీ దాహమేస్తది’ అన్నాడు. తరువాత పద్నాలుగేళ్ళు దిగినప్పుడల్లా ఆ మాట గుర్తుంచుకున్నాను. పెట్రోలు మిగులుతుందని గేరులోనే ఏక్సిలేటరు మూసి జారిపోయిన వీరులు కొందరు టైడా మలుపుల్లో చక్రం పట్టేసి పడ్డారు.

ఇక దీని లైటు సంగతి చెప్పాలి. అది రాజదూత్ తొక్కినవాడికే తెలుస్తుంది. ఇంజను వేగంగా తిరిగితేనే లైటు వెలుగుతుంది. నెమ్మదిస్తే దీపం కొండెక్కుతుంది. మరి ఘాటీలో మలుపు దగ్గరే కదా నెమ్మదించాలి? అంటే దారి ఎక్కడ ఎక్కువగా కనబడాలో సరిగ్గా అక్కడే చీకటి. దానికి ఉపాయం, క్లచ్చి సగం నొక్కి ఇంజనును అరిపించడం. బండి కదలదు, లైటు మాత్రం వెలుగుతుంది. ఆ ఒక్క క్షణంలో మలుపు ఎటు తిరిగిందో, రాయి ఎక్కడుందో, లోయ ఎక్కడుందో చూసి బుర్రలో పెట్టుకుని, మళ్ళీ చీకట్లో కదలాలి. జనవరి మంచులో అనంతగిరి దగ్గర అదీ పనిచేసేది కాదు. తెల్లటి గోడ ఎదురుగా నిలబడినట్టు ఉండేది. అప్పుడు వెనక కూర్చున్న మనిషి దిగి, టార్చిలైటు పట్టుకుని ముందు నడవాలి.

ఆ టార్చి పట్టుకుని నడిచిన మనిషి చాలాసార్లు మా ఆవిడే. మొదటిసారి ఆవిడ అరకు వచ్చింది ఆ బండి మీదే. ట్యాంకు మీద రెండేళ్ళ మా అబ్బాయి, వెనక ఆవిడ, ఆవిడ ఒళ్ళో కిరసనాయిలు స్టవ్వు. బొడ్డవర దాటగానే కళ్ళు మూసుకుంది. సుంకరిమెట్ట దాటాక ‘ఇప్పుడు చూడు’ అన్నాను. కార్తీక మాసం. రోడ్డుకు రెండు పక్కలా వలిసె పూలు, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు. ఆవిడ చూసి, ‘స్టవ్వు మూత ఎక్కడో పడిపోయింది’ అంది.

నవ్వండి, పరవాలేదు. ఇప్పుడు ఫైలు కథకు వస్తాను.

మా ఆఫీసులో ఒక గిరిజన అటెండరు ఉండేవాడు. 1981లో రిటైరయ్యాడు. పింఛను కాగితాలకు ఏమేం కావాలో మీకు నేను చెప్పనక్కరలేదు. వేలిముద్రలు, పుట్టుమచ్చలు, భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో. ఆ ఫొటో దగ్గర ఫైలు ఆగిపోయింది. అతని భార్య హుకుంపేట అవతల లోపలి ఊళ్ళో ఉంటుంది. కాళ్ళు వాచి నడవలేదు. అరకు రాలేదు. సరే, మనిషి ఫొటో దగ్గరకు రాలేకపోతే ఫొటోనే మనిషి దగ్గరకు తీసుకువెళ్దామని, అరకులో ఉన్న ఫొటోగ్రాఫరును బతిమాలి బండెక్కించాను. అతను కెమెరా పెట్టె గుండెకు హత్తుకుని, దారి పొడుగునా వేంకటేశ్వర స్వామిని పిలుస్తూనే ఉన్నాడు.

ఊరికి ఫర్లాంగు దూరంలో గెడ్డ అడ్డం వచ్చింది. ముందు రోజు వాన. మోకాలి లోతు అనుకుని దిగాను, నడుము దాకా వచ్చింది. ఇంజన్లోకి నీళ్ళు. బండి ఆగిపోయింది. ఫొటోగ్రాఫరు కెమెరా నెత్తిన పెట్టుకుని అవతలి గట్టు చేరాడు గాని, నేను నీళ్ళ మధ్య బండి పట్టుకుని నిలబడిపోయాను. ఊళ్ళోంచి మగవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఏమీ మాట్లాడుకోలేదు. రెండు వెదురు బొంగులు తెచ్చి, తాళ్ళు కట్టి, రోగిని డోలీలో మోసుకెళ్ళినట్టు నా రాజదూత్‌ను ఆరుగురు భుజాల మీద ఎత్తుకుని గట్టెక్కించారు. నూట ఇరవై కిలోలకు తక్కువ ఉండదు. వెనక పిల్లలు కేరింతలు. నాకు సిగ్గేసింది.

ఫొటో తీశాం. ముసలాయన ఆఫీసు ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు, రిటైరయినా సరే. ముసలమ్మ కెమెరాను చూడలేదు, ఆయన్నే చూసింది. అది ఆఫీసుకు పనికిరాదని ఇంకోటి తీయించాం. ఈలోగా నేను ప్లగ్గు విప్పి, నిప్పుల దగ్గర ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది బిగించాను. చోడి అంబలి తాగించి పంపారు. ఆ ఫైలు మూడు నెలల్లో కదిలింది. అయిదేళ్ళ తరువాత ముసలాయన పోయినప్పుడు, ఆ ఫొటో ఉన్న కాగితాల వల్లే ఆవిడకు కుటుంబ పింఛను ఆటంకం లేకుండా వచ్చింది. ఇది నేను గొప్ప కోసం చెప్పడం లేదు. దీని తరువాత చెప్పబోయేది వింటే మీకే తెలుస్తుంది.

మరుసటి సంవత్సరం, 1982 వానాకాలం. పాడేరులో ఆఫీసు పని చూసుకుని సాయంత్రం అరకు బయలుదేరాను. ముసురు పట్టింది. పెట్రోలు రిజర్వులోకి వచ్చింది. హుకుంపేట ఇంకా కొద్ది దూరం ఉందనగా ఎదురుగా నలుగురు డోలీ మోసుకుంటూ పాడేరు వైపు వస్తున్నారు. వెదురుకు కట్టిన దుప్పటి, అందులో ఒక మనిషి. ముందున్నవాడు చెయ్యెత్తి, ‘బాబూ, ఆగు బాబూ, పాము’ అన్నాడు. నేను నెమ్మదించాను. ఆగలేదు. ‘పెట్రోలు లేదు’ అని అరిచి ముందుకు పోయాను.

అబద్ధం కాదు. నిజమూ కాదు. రిజర్వులో పెట్రోలు ఉంది. వెనక్కి తిరిగి పన్నెండు కిలోమీటర్లు పాడేరు వెళ్ళడానికి సరిపోతుంది. తరువాత నేను రాత్రి అక్కడ చిక్కుకుపోతాను, అంతే. లైటు మందం, వాన, ఇంటి దగ్గర పిల్లవాడికి జ్వరం. కారణాలు అన్నీ ఉన్నాయి. గుమాస్తాకు కారణాలు రాయడం ఎవరూ నేర్పనక్కరలేదు కదా.

నెల గడిచాక సంతలో ఒకడు నా బండి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. డోలీకి ముందున్నవాడు. అప్పుడు పోల్చుకున్నాను, గెడ్డలో నా బండిని మోసిన ఆరుగురిలో కూడా వాడు ఒకడు. నాకు నోరు ఎండిపోయింది. వాడు నవ్వుతూ, ‘బతికేడు బాబూ. కాలు తీసీసేరు. కాసింత ముందొస్తే కాలుండిపోను అన్నారు డాక్టరుబాబు’ అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. ఊరి కబురు చెప్పినట్టు చెప్పాడు. ‘ఆ రోజు పెట్రోలు అయిపోయిందన్నావు, ఇల్లు చేరినావా బాబూ?’ అని కూడా అడిగాడు. నేను చేరానని తల ఊపాను.

ఆ మాట ఇన్నేళ్ళలో మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను.

ఆ మర్నాడు ఒక లీటరు సీసాలో పెట్రోలు, నూనె కలిపి బిరడా బిగించి, గుడ్డ చుట్టి సైడు పెట్టెలో పెట్టాను. బండి అమ్మేదాకా ఆ సీసా అందులోనే ఉంది. ప్రమాదమని తెలుసు. అయినా తీయలేదు. దాని పక్కనే ఒక క్లచ్చి వైరు, ఒక ప్లగ్గు, చెయిను లింకు, మూడు గజాల నవారు. నవారు ఎందుకంటే, ఒంట్లో సత్తువ లేని మనిషిని మధ్యలో కూర్చోబెట్టి, వెనక బలమైనవాణ్ణి ఎక్కించి, ముగ్గురినీ కలిపి నడుముకు కట్టుకోవడానికి. చట్టప్రకారం ముగ్గురు ఎక్కకూడదు. ఆ మాట అక్కడ ఎవరూ అడగలేదు. ఎంతమందిని దించానో లెక్క పెట్టలేదు. ఒక గర్భిణి మాత్రం గుర్తుంది. బండి ప్రతి గతుక్కీ ఆవిడ నా భుజం గిల్లేది. ఆ మచ్చలు వారం రోజులు ఉన్నాయి. పుట్టిన పిల్లకు బండి పేరు పెడతామన్నారు. ఆడపిల్లకు రాజదూత్ ఏమిటని మా ఆవిడ ఆపింది.

ఇదంతా ఆ బండి గొప్పతనమా అంటే, ఇంకొకరు ఉంటే బుల్లెట్టు మీదే చేసి ఉండేవారు. కాని రాజదూత్ చెడిపోతే నాలాంటివాడు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని బాగుచేసుకోగలడు. ప్లాటినం పాయింట్ల మధ్య ఎంత ఎడం ఉండాలో మా మెకానిక్కు పోస్టుకార్డు ముక్క పెట్టి చూపించాడు. సైలెన్సరు మసి పడితే పొయ్యిలో పెట్టి కాల్చుకునేవాణ్ణి. మా ఆవిడ వంట పొయ్యిలో పెట్టినందుకు ఒకసారి నాకు భోజనం లేదు. బండి లోపల ఏముందో మనకు తెలుస్తుంది, మన లోపల ఏముందో అది తెలియజేస్తుంది. మోజు అంటే ఇదేనేమో అని మా మనవడితో అన్నాను. వాడు తల ఊపాడు గాని, అర్థమయిందో లేదో తెలియదు.

1985 నుంచి కొత్త బళ్ళు వచ్చాయి. హీరో హోండా లీటరుకు ఎన్నో కిలోమీటర్లు ఇచ్చేది. ఆ సంవత్సరమే వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ మీద కుర్రాళ్ళు ఘాటీని బంతిలా ఎగురుకుంటూ ఎక్కేవారు. నా రాజదూత్ వెనక పొగ వదులుకుంటూ ఉండిపోయింది. 1993లో బదిలీ మీద కిందికి వచ్చేస్తూ, చింతపండు కొనే ఒక సంత వ్యాపారికి అమ్మేశాను. సీసా తీసేయమన్నాడు. తీశాను.

ఇప్పుడు రోడ్లు వచ్చాయి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2018లో గిరిజన ప్రాంతాలకు ఫీడరు అంబులెన్సులని మోటారు సైకిళ్ళకే పక్కన పడక కట్టి తెచ్చారు. పేపర్లో ఆ ఫొటో చూసి చాలాసేపు పట్టుకు కూర్చున్నాను. డోలీలు మాత్రం పూర్తిగా పోలేదు. వానాకాలంలో ఇంకా ఆ ఫొటోలు కూడా వస్తూనే ఉన్నాయి.

చివరగా ఒక్క మాట. సంక్రాంతికి మనవడు మమ్మల్ని కారులో అరకు తీసుకువెళ్ళాడు. అక్కడ కాఫీ తాగుతుంటే వాడి స్నేహితుడొకడు పాత రాజదూత్ ఒకటి బాగుచేయించి తెచ్చుకున్నాడు, చూడండన్నాడు. నాది కాదు. ట్యాంకు మీద సొట్ట లేదు, తడిమి చూశాను. స్టార్టు చేయమన్నారు. రెండుసార్లు తన్నాను, మోకాలు ఒప్పుకోలేదు. ఆ కుర్రాడే తన్నాడు. మూడో తాపుకు అందుకుంది. తెల్లటి పొగ కాఫీ బల్లల మీదికి వచ్చింది. అందరూ దూరంగా జరిగారు. మా ఆవిడ పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అక్కడే నిలబడి, ‘లైటు వేసి చూడండి’ అంది.

వేశాడు. మందంగానే ఉంది.

భోజనాల వేళయింది.  సెలవు.